కదలని దీపం

మా ఇంట్లో దీపం ఎప్పుడూ నిలకడగా వెలిగింది లేదు.

గూన పెంకుల ఇల్లు మాది. గూనకూ గూనకూ నడుమ వేలు పట్టేంత సందులుండేవి. పొద్దున ఆ సందుల్లోంచి చింతగింజలంత వెలుగు చుక్కలు నేల మీద రాలేవి. నేను దుప్పట్లోంచి లేవకుండానే వాటిని చూస్తూ పడుకునేదాన్ని. పొయ్యి పొగ ఆ సందుల్లోంచే పోయేది, వాన ఆ సందుల్లోంచే వచ్చేది. మాపటేళ మా అమ్మ, అదే మా అవ్వ, బుడ్డి దీపం వెలిగిస్తే మంట ఒకసారి అటు వంగేది, ఒకసారి ఇటు వంగేది. దాంతోపాటు గోడల మీద మా నీడలు కూడా ఊగేవి. నీడ అంటే ఊగేదే అనుకున్నాను చిన్నప్పుడు. బడికి పోయిన మొదటి రోజు సారు నీడ ఎండలో కదలకుండా పడి ఉంటే, దానికేమయిందోనని చాలాసేపు దానివైపే చూశాను.

కోరుట్లకు ఆరు మైళ్ల దూరంలో మా ఊరు. ఎనభై అయిదులో మా అన్న పోశం దుబాయి నుంచి పంపిన పైసలతో ఇంటి వెనక ఒక స్లాబు అర్ర, చిన్న గది, కట్టించాం. మా వాడలో అదే మొదటి స్లాబు. పాత ఇంట్లోంచి దానిలోకి ఒక తలుపు. పెరటి వైపు ఇనుప చువ్వల కిటికీ. కిటికీ మీద, కప్పు కింద, ఇటుకంత వెడల్పున గాలి సందు. లోపల పచ్చటి సున్నం వేయించింది అవ్వ. వానకు కారని కప్పు కింద నిలబడి, తల పైకెత్తి, నోరు తెరిచి నవ్వింది. మా అవ్వ మొగిలవ్వ అట్లా నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ కిటికీ మాకు ఏడు నెలలే ఉంది.

ఒక మాపటేళ నేను ఆ అర్రలో కిటికీ పక్కన కూర్చుని బీడీలు చేస్తున్నాను. బయట ఇంకా వెలుతురు పూర్తిగా పోలేదు. చువ్వల అవతల నుంచి నెమ్మదిగా ఒక గొంతు వినిపించింది.

"చెల్లే, రొట్టె ఏమన్న ఉన్నాదే?"

నా ఈడు ఆడపిల్ల గొంతు. మొహం కనపడలేదు. చువ్వల నడుమ నుంచి ఒక చెయ్యి మాత్రం లోపలికి వచ్చింది. గోళ్లలో మట్టి. మణికట్టుకు ఎర్ర దారం. అడవిలోని అన్నల దళం మనిషని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. అవ్వ రెండు మక్కజొన్న రొట్టెలు, కారం ముద్ద తెచ్చి ఆ చేతిలో పెట్టింది. చెయ్యి వెళ్లిపోయింది. వీధిలో కుక్క కూడా మొరగలేదు. కల వచ్చిపోయినట్టుంది.

రెండు రోజులకు పోలీసులు వచ్చారు.

"కిటికీలకెళ్లి ఎవ్వలికి పెట్టిన్రు బువ్వ?" అని అడిగారు. మాకు తెలియదన్నాం. మా నాన్నను, మా బాపు సాయన్నను, జీపులో ఎక్కించుకుని పోయారు. తెల్లారి మాపటికి బాపు బస్సు దిగి వచ్చాడు. చెప్పులు చేతిలో పట్టుకుని, ముళ్ల మీద నడిచినట్టు నడుస్తూ వచ్చాడు. ఆ పాదాలకు అవ్వ పసుపూ నూనే కాచి పెట్టింది.

నడవగలిగిన రోజున బాపు పెరట్లో మట్టి కలిపాడు. అర్ర కట్టగా మిగిలిన ఇటుకలు తెచ్చి కిటికీని కింది నుంచి పైదాకా కట్టేశాడు. పైన గాలి సందులో గోనె సంచి కుక్కి మట్టి మెత్తాడు. మట్టి ముద్దలు అందిస్తూ నేను ఆయన పక్కనే ఉన్నాను. చివరి ఇటుక పెట్టాక అరచేత్తో గోడను నిమిరి, "ఇగ మనల్ని ఎవ్వలూ ఏమడగరు బిడ్డా. అడిగెతందుకు సందే లేదు" అన్నాడు.

*

ఆ వానాకాలం మా అక్క రాజవ్వ పురిటికి వచ్చింది. అక్కను సిరిసిల్లలో ఇచ్చాం. బావ వెంకటి అక్కడ సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు.

ఆడపిల్ల పుట్టింది. పురుడు పోసింది మా వాడ మంత్రసాని వెంకటవ్వ. మా వాడలో నలభై ఏళ్ల లోపు వాళ్లంతా ఆమె చేతిలో పడ్డవాళ్లే. బిడ్డకు స్నానం పోసి, అక్క చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, మంచం కింద కుంపటి పెట్టింది. కుంపట్లో బొగ్గులు, వాటి మీద వాము, ఎల్లిగడ్డ పొట్టు.

"బాలింత పచ్చి కుండ లెక్క మొగిలవ్వా. గాలి తాకితె పగులుతది. కాగాలె," అంది.

"గాలా? గీ అర్రల పిట్ట సుత దూరది," అని అవ్వ గోడను తట్టి చూపించింది. బాపు కట్టిన ఇటుకలు ఒక మంచికి వచ్చాయన్నట్టు ఆమె మొహం తేటపడింది.

అయిదో రోజు బావ వచ్చాడు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని గుక్క తిప్పుకోకుండా దగ్గాడు. ఆయన మీసాల్లో, కనుబొమ్మల్లో తెల్లటి నూలు నూగు ఎప్పుడూ ఉండేది. కడుక్కున్నా పోయేది కాదు.

"కిటికీ ఏది మామా?" అన్నాడు చుట్టూ చూసి.

"మూసినం," అంది అవ్వ.

"మా సాంచెల కాడ గిట్లనే. కిటికీ తీస్తె గాలికి పోగు తెగుతదంటడు సేటు. పోగు తెగుడేమో గని, లోపల మా ఊపిరే తెగుతున్నది."

"బీడీలు తక్కువ తాగు, అదే అతుకుతది," అంది అక్క మంచం మీద నుంచి.

"మీ చెల్లె చేస్తనే ఉండె, నేను తాగకుంటె ఎట్ల?"

అందరం నవ్వాం. అప్పుడు తలుపు తెరిచి ఉంది. కుంపటి పొద్దునా సాయంత్రం కాసేపే ఉండేది. బావ ఆ రోజే సిరిసిల్ల బస్సు ఎక్కాడు.

మర్నాడు ముసురు పట్టింది.

మా వైపు ముసురు పడితే నాలుగు రోజులు, అయిదు రోజులు సన్నగా కురుస్తూనే ఉంటుంది. పగలు పగలులా ఉండదు. పాత ఇంట్లో మూడు చోట్ల కారుతుంటే అవ్వ గిన్నెలు పెట్టింది. స్లాబు అర్ర తలుపు మూసి, చలి రాకుండా దాని మీద బొంత వేలాడదీసింది. కుంపటి ఇక ఆరనివ్వలేదు. బొగ్గులు బూడిద పట్టగానే కొత్తవి వేసేది. కిటికీ లేని అర్ర కాబట్టి పగలు కూడా గూట్లో బుడ్డి వెలుగుతుండేది. అక్కకు తోడుగా నన్ను అక్కడే కూర్చోమంది. తునికాకు కట్టలు, తంబాకు చాట, దారం ఉండ ముందు పెట్టుకుని కూర్చున్నాను.

వెచ్చగా ఉండేది ఆ అర్రలో. వాము వాసన. అక్క ఊపిరి, బిడ్డ ఊపిరి. చేతులు వాటంతట అవే ఆకు మడిచేవి, వాటంతట అవే దారం చుట్టేవి. పచ్చ సున్నం గోడలు చూస్తుంటే నీళ్లలో అడుగున కూర్చున్నట్టుండేది. మాట్లాడాలనిపించేది కాదు. నాకు ఎప్పుడూ మాట తక్కువే గానీ, ఇది ఇంకోలా ఉండేది. మాట అనేదే ఎక్కడో ఒడ్డున ఉండిపోయినట్టు.

రెండో రోజు సాయంత్రం అవ్వ బీడీలు కట్టలు కడుతూ ఒకటి తీసి వేళ్లతో ఒత్తింది. చప్పగా అణిగిపోయింది. ఇంకొకటి తీసింది, అదీ అంతే.

"గిదేందే గంగూ? తంబాకేది?"

నేను చూశాను. ఆకు బాగా చుట్టాను, మొన బాగా మడిచాను. లోపల ఏమీ లేదు. అట్లాంటివి ఇరవై దాకా ఉన్నాయి.

"తంబాకు లేని బీడీ ఎవ్వడు తాగుతడే? గాలి తాగుతడా?"

గోడకు ఆనుకుని ఆవులిస్తున్న వెంకటవ్వ పకపకా నవ్వింది. "పొల్ల మనసు ఈడ లేదు మొగిలవ్వా. పురుడు చూసినంక పెండ్లి మీదికి పోయింది. మొగణ్ని చూడుండ్రి."

నేను నవ్వలేదు. ఆరేళ్లుగా చేస్తున్నాను బీడీలు. కళ్లు మూసుకుని చేసినా తంబాకు మరిచింది లేదు.

ఆ రాత్రీ మర్నాడూ నన్ను నేనే గమనించుకున్నాను. అర్రలో కూర్చుంటే తలకు తడిగుడ్డ బిగించి కట్టినట్టుండేది. నీళ్ల కోసం వాకిట్లోకి వస్తే, ముసురు మొహం మీద పడి, నాలుగు అడుగులు వేసేసరికి ఆ గుడ్డ వదులయ్యేది. బిందెతో తిరిగి లోపలికి పోతే మళ్లీ బిగిసేది. మూడుసార్లు పోయి వచ్చాను. మూడుసార్లూ అంతే. వసారాలో కూర్చుని చేసిన బీడీలన్నీ నిండుగానే వచ్చాయి.

అవ్వతో చెప్పాను. "పని ఎగ్గొట్టెతందుకు నీకు తల నొయ్యాల్నా?" అంది. ఆమె కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. అక్కను అడిగాను. అక్క కళ్లు తెరవకుండానే, "నిద్రొస్తున్నదే గంగూ. మంచిగున్నది," అంది. "బిడ్డ సుత ఏడుస్తలేదు చూడు. బుద్ధిమంతురాలు."

నిజమే. రెండు రోజులుగా బిడ్డ పాలకు కూడా ఏడవడం లేదు.

అప్పుడు బాపు దగ్గరికి పోయాను. వసారాలో గోనె కప్పుకుని కూర్చున్నాడు. తల బరువు సంగతి చెప్పాను. బిడ్డ ఏడవని సంగతి చెప్పాను. ఆఖరున, "నిద్ర తియ్యగుంటున్నది బాపూ," అన్నాను.

బాపు తల తిప్పి నావైపు చూశాడు.

"ఎట్లున్నదన్నవ్?"

"తియ్యగ."

ఆయన లేచి నిలబడ్డాడు.

*

బాపు తమ్ముడు, మా చిన్నాయిన భూమన్న సంగతి నాకు తెలుసు. ఇంట్లో ఎక్కువ మాట్లాడేవాళ్లు కాదు గానీ తెలుసు.

నేను పుట్టకముందు బాపూ చిన్నాయినా మాధవ రావు దొర దగ్గర జీతం ఉండేవాళ్లు. కోటలాంటి దొర గడి వెనక జొన్నల పాతర ఉండేది. బావిలా లోతుగా తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, గింజలు నింపి, పైన మట్టితో మూసేస్తారు. ఏళ్ల తరబడి పురుగు పట్టదు. దాన్ని తెరిస్తే మూడు రోజులు నోరు తెరిచి వదిలేయాలి. తర్వాత తాడుకు దీపం కట్టి కిందికి దింపాలి. దీపం ఆరితే మనిషి దిగకూడదు. అది మా వాళ్లందరికీ తెలిసిన పద్ధతి. ఆ ఏడు దొరకు తొందర. పొద్దున తెరిచి, పొద్దున్నే దిగమన్నాడు. చిన్నాయిన దిగాడు. పైనుంచి బాపు చూస్తుండగా రెండు గంపలు నింపి పంపాడు. మూడో గంప నింపబోతూ ఆగి, పైకి చూసి నవ్వాడట.

"అన్నా, నిద్రొస్తున్నదే. తియ్యగున్నది," అన్నాడట. గింజల మీద చెంప ఆనించి పడుకున్నాడు. ఇక లేవలేదు.

ఇప్పుడు దొర జగిత్యాలలో ఉంటున్నాడు. గడి తలుపులకు తాళం. పాతర పూడిపోయింది. కానీ బాపు ఆ తర్వాత మూసి ఉన్న ఏ చోటికీ దీపం లేకుండా పోలేదు.

ఆ సాయంత్రం కూడా గూట్లోని బుడ్డి తీసుకుని అర్రంతా తిరిగాడు. మూలల్లో పట్టుకున్నాడు. వంగి మంచం కింద కుంపటి పక్కన పెట్టాడు. చెయ్యెత్తి కప్పు దాకా లేపాడు. ఎక్కడా ఆరలేదు. బొంత పట్టుకుని అవ్వ, గడప మీద వెంకటవ్వ, ఆయన వెనక నేను, అందరం ఆ మంటనే చూస్తున్నాం.

బాపు గట్టిగా ఊపిరి వదిలాడు. "దీపం బతికే ఉన్నది. గాలి మంచిదే."

"చెప్తనే ఉన్న. నూరుగురు బాలింతలకు పెట్టిన గీ కుంపటి. ఒక్కరికన్న ఏమన్న అయ్యిందా?" అంది వెంకటవ్వ. అది కూడా నిజమే.

ఏదో ఒకటి నా కంటికి తగిలింది. కంటిలో నలుసులా ఉంది గానీ మాటగా మారలేదు. దీపం గూట్లో పెట్టేశారు. బొంత దించేశారు.

*

మర్నాడు మధ్యాహ్నం. ముసురుకు అది నాలుగో రోజు. మడి గట్టు తెగిందని బాపు పారతో పోయాడు. కట్టలు అప్పజెప్పడానికి అవ్వ బీడీల కంపెనీకి పోయింది. వెంకటవ్వ నాలుగు ఇళ్ల అవతల తన గుడిసెలో ఉంది. పోయేముందు అవ్వ కుంపట్లో కొత్త బొగ్గులు వేసి, తలుపు దగ్గరికి లాగి పోయింది.

నేను ఆకు కత్తిరిస్తూ ఉన్నాను. కత్తెర చప్పుడు దూరం నుంచి, ఎవరో పక్క ఊరిలో కత్తిరిస్తున్నట్టు వినపడుతోంది. గోడలు నీళ్లయ్యాయి. తునికాకులు ఆ నీళ్ల మీద తేలుతున్నాయి. మంచం నెమ్మదిగా తెప్పలా కదిలింది. దాని మీద అక్క, అక్క పక్కన చేపపిల్లలా నోరు తెరిచి బిడ్డ. మూలన ఎవరో కూర్చున్నారు. జుట్టులో జొన్న గింజలు. నేను ఆయనను ఎన్నడూ చూడలేదు, అయినా గుర్తుపట్టాను. ఆయన నవ్వుతున్నాడు.

"పండుకో గంగూ. మెత్తగున్నది."

చెంప కింద నేల నిజంగానే మెత్తగా ఉంది. ఎప్పుడు పడుకున్నానో తెలియదు. పడుకుని గోడ మీద నా నీడను చూస్తున్నాను. చాటా, దారం ఉండా, నా భుజమూ నల్లగా గోడకు అతుక్కుని ఉన్నాయి. సున్నం మీద పడ్డ మరకలా ఉంది నీడ.

నీడ ఎందుకు ఊగడం లేదు?

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందో, లోపలే ఉందో. కళ్లు దీపం వైపు తిప్పాను. మంట సూదిలా నిలబడి ఉంది. ఎంతసేపు చూసినా అటు ఒరగలేదు, ఇటు ఒరగలేదు. నిన్న బాపు చేతిలో కూడా ఇట్లాగే నిలబడింది. నా కంటికి తగిలింది అదే. దీపం ఆరలేదని బాపు చూశాడు. కదలడం లేదని చూడలేదు. నా పద్దెనిమిదేళ్లలో మా ఇంట్లో కదలని దీపం లేదు. గూనల సందుల్లోంచి గాలి వచ్చేది, వాటిలోంచే పోయేది. వెంకటవ్వ కుంపటి పెట్టిన నూరు ఇళ్లూ గూనల ఇళ్లే, తాటాకు ఇళ్లే. ఇక్కడ వచ్చిన గాలి లేదు, పోయిన గాలి లేదు. ఇది పాతర. మేమే గింజలం.

లేవబోతే కాళ్లు లేవలేదు. మోకాళ్ల మీద పాకాను. బొంత పట్టుకుని వేలాడితే అది ఊడి నా మీద పడింది. తలుపు తీశాను. తిరిగి పాకి బిడ్డను గుండెకు పెట్టుకుని, ఇంటర్ర, పాత ఇంటి లోపలి గది, దాటి, వసారాలోకి వచ్చాను. వాన గాలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. బిడ్డను అక్కడున్న చాటలో పడుకోబెట్టి, "వెంకటవ్వా!" అని అరిచాను. అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు.

నాలుగు గుక్కల గాలి పీల్చి మళ్లీ లోపలికి పోయాను. కుంపటిని గుడ్డతో పట్టుకుని లాగి వాకిట్లో వానలోకి విసిరాను. అరచెయ్యి కాలింది. అప్పుడు తెలియలేదు. అక్కను కుదిపాను. చెంపల మీద కొట్టాను. తాంబూలం వేసుకున్నట్టు పెదాలు ఎర్రగా ఉన్నాయి. అక్క తమలపాకు ముట్టి నెల దాటింది. "అక్కా! ఓ అక్కా!" తల ఇటు పెడితే ఇటు, అటు పెడితే అటు పడుతోంది. భుజాలు పట్టి లాగితే నా బలం చాలలేదు.

దీపం వైపు చూశాను. తలుపు బార్లా తెరిచి ఉన్నా మంట సూదిలాగే ఉంది. ఇంటర్ర చీకటి అవతల నుంచి గాలి ఇక్కడిదాకా రావడం లేదు. పోయే దారి లేకపోతే అది ఎందుకు వస్తుంది?

గొడ్ల కొట్టంలో గడ్డపార ఉంది. తెచ్చాను. కిటికీ ముందు నిలబడ్డాను. మట్టి మీద బాపు అరచేతి గుర్తు ఇంకా ఉంది. ముళ్ల మీద నడిచినట్టు నడుస్తూ వచ్చిన మనిషి కట్టిన గోడ అది. మళ్లీ ఎవరి చెయ్యీ లోపలికి రాకుండా, ఆయనను ఎవరూ జీపు ఎక్కించకుండా కట్టుకున్నది. నా వెనక మంచం మీద చప్పుడు లేదు.

ఆ అరచేతి గుర్తు మీదే పొడిచాను.

మొదటి ఇటుక కదిలింది. రెండోసారి పొడిస్తే చువ్వల నడుమ నుంచి బయట బురదలో పడింది. అంత సందులోంచే గాలి వచ్చింది. తడి మట్టి వాసనతో, వాన చినుకులతో, ఎవరో తోసినట్టు లోపలికి వచ్చింది. గూట్లో మంట ఒక్కసారిగా నేలకు పడుకుని ఆరిపోయింది.

ఆ చీకట్లో అక్క దగ్గింది.

*

బాపు వచ్చేసరికి నాలుగు ఇటుకలు పోయాయి. వెంకటవ్వ వసారాలో బిడ్డ అరికాళ్లు రుద్దుతోంది. బిడ్డ ముందు కుయ్యిమంది, తర్వాత వీధంతా వినపడేలా ఏడ్చింది. అక్క మంచం అంచున వేలాడి వాంతులు చేసుకుంటోంది. నేను గడ్డపారతో నిలబడి ఉన్నాను.

బాపు గోడకున్న బొక్కను చూశాడు. బొక్కలోంచి పెరట్లో బొప్పాయి చెట్టు, దాని అవతల అడవి వైపు పోయే బాట కనపడుతున్నాయి.

"నువ్వు కట్టింది బాపూ," అన్నాను.

ఆయన దగ్గరికి వచ్చాడు. నా చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. కొడతాడనే అనుకున్నాను. బండ మీద ఎక్కి పైన గాలి సందులో పొడిచాడు. మట్టి రాలింది. తడిసి కుళ్లిన గోనె సంచి ముద్దలా ఆయన భుజం మీద పడింది.

"పైన సందు సుత ఉండాలె," అన్నాడు, నావైపు చూడకుండా. "పాతరకు ఒక్కటే నోరు. గందుకే నా తమ్మున్ని తిన్నది."

అవ్వ అప్పుడే వచ్చింది. వానలో తడిసిన కుంపటి, వసారాలో గాలికి బిడ్డ, తెరిచిన గోడ చూసి నెత్తి కొట్టుకుంది. "అయ్యో, బాలింతకు గాలి సోకిందే!"

"సోకనియ్యి మొగిలవ్వా," అంది వెంకటవ్వ. "నలభై ఏండ్లు పెట్టిన గీ కుంపటి. నాకు తెల్వకపాయె. సోకనియ్యి."

ట్రాక్టరు మీద వానకు తాటిపత్రి పట్టా కప్పుకుని అందరం కోరుట్ల పోయాం. డాక్టరు అక్క కనురెప్పలు ఎత్తి చూసి, బొగ్గుల సంగతీ అర్ర సంగతీ అడిగాడు. రెండు రోజులు ఉంచుకుని పంపాడు. పోయేముందు బాపు చేతులు కట్టుకుని అడిగాడు.

"దీపం పెట్టి చూసిన సార్. ఆరలే. పాతరల ఆరేది గద?"

"పాతర గాలి వేరే, బొగ్గుల గాలి వేరే," అన్నాడు డాక్టరు. "దీనికి వాసన ఉండదు, రంగు ఉండదు. దీపాన్ని ఏమనదు. మనిషినే ఆర్పుతది. కుంపటి పెడితె రెండు దిక్కుల గాలి ఆడాలె."

బస్సు దిగాక బాపు, "నేను దీపాన్ని నమ్మిన. నువ్వు నీ తలకాయను నమ్మినవ్," అన్నాడు. అది పొగడ్తో ఏమో నాకు తెలియదు.

నెల తర్వాత ఇద్దరు పోలీసులు ఊళ్లోకి వచ్చారు. పెరటి వైపు నుంచి వస్తూ కిటికీ ముందు ఆగారు. అక్క లోపల బిడ్డకు పాలిస్తోంది.

"ఏమయ్యా సాయన్నా, మొన్న ఈడ గోడ ఉండె గద? ఎవ్వలకోసం తెరిచినవ్?"

పగ్గం పేనుతున్న బాపు లేచాడు. పాదాలు దగ్గరగా పెట్టుకున్నాడు.

"బాలింతకు సార్. ఊపిరాడెతందుకు."

"ఊపిరికా?" పెద్దాయన చువ్వల దగ్గర మొహం పెట్టి లోపలికి చూశాడు. బిడ్డ ఏడ్చింది. ఆయన టోపీ తీసి మెడ తుడుచుకున్నాడు. "మంచిదే. మా ఠాణల గూడ ఒక్కటి కొడితె బాగుండు. ఉక్కకు సస్తున్నం."

వాళ్లు పోయాక బాపు కూర్చోలేదు. జీపు చప్పుడు పూర్తిగా ఆగేదాకా నిలబడే ఉన్నాడు. మళ్లీ వాళ్లు రావచ్చు. ఆ చెయ్యి కూడా రావచ్చు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. కిటికీని మాత్రం ఎవరూ మూయమనలేదు. చలికి అవ్వ పాత చీర అడ్డం కట్టింది. అంతే.

బిడ్డకు పేరు పెట్టేరోజు బావ సిరిసిల్ల నుంచి వచ్చాడు. వెంకటవ్వ బిడ్డను ఊపుతూ, "ఏం పేరు పెడుదాం అల్లుడా? గాలవ్వ అని పెట్టుండ్రి," అంది.

"గాలవ్వనా? రేపు పెండ్లికొడుకు పారిపోతడు," అంది అక్క.

"పారిపోతె పోనియ్యి. పోయెతందుకు దారి ఉన్నది గద," అన్నాడు బావ కిటికీ చూపించి. నవ్వబోయి దగ్గాడు. దగ్గుతూ పోయి ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. చువ్వలు పట్టుకుని, కళ్లు మూసుకుని, మాకెవరికీ వినపడని లెక్క ఏదో పెట్టుకున్నట్టు ఒక్కో గుక్క గాలి పీల్చుకున్నాడు.

మాపటేళ అయింది. అవ్వ బుడ్డి వెలిగించి గూట్లో పెట్టింది. నేను ఆకులు ముందు పెట్టుకుని కూర్చున్నాను. చీర తెర ఉబ్బింది, తగ్గింది. మంట అటు వంగింది, ఇటు వంగింది. పచ్చటి గోడ మీద మా అందరి నీడలూ, చాటలో పడుకున్న బిడ్డ నీడా మెల్లగా ఊగాయి.

నేను చేసిన బీడీని వేళ్లతో ఒత్తి చూసుకున్నాను. నిండుగా ఉంది.